రెండో పొయ్యి

2021 ఆగస్టు 26, గురువారం, పొద్దున పదకొండు గంటల నలభై నిమిషాలకు మండల రెవెన్యూ ఆఫీసు గిర్దావర్ మా అరుగు మీద కూర్చుని, "అవ్వా, ఈ ఇంట్ల పొయ్యిలెన్ని?" అని అడిగాడు.

"ఒక్కటే," అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. అన్నదమ్ములిద్దరికీ పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లలు కూడా పెద్దవాళ్లయ్యాక ఇంకా ఒకే పొయ్యి మీద వండుకుంటున్న ఇల్లు మా వాడకట్టులో అప్పటికి మాదొక్కటే.

ఆయన మాస్కు కిందికి దించి నీళ్లు తాగాడు. చేతిలోని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "అయితే ఆదాయం కలుస్తది," అన్నాడు.

ఎల్లారెడ్డి నుంచి లింగంపేట పోయే దారిలో మా ఊరు. మా ఆయన పోయాక నాలుగెకరాలు చెరి రెండుగా కొడుకుల పేర్ల మీద రాయించాను. పెద్దోడు కామారెడ్డిలో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా. పొద్దున ఏడూ పదికి బస్సెక్కితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతాడు. నాలుగెకరాలూ చిన్నోడే చేస్తాడు. పెద్దోడు తన రెండెకరాలకు కౌలు అడగలేదు. చిన్నోడు దుకాణం బిల్లు ఎంతయిందని అడగలేదు. ఉప్పు, నూనె, మందులు, కరెంటు పెద్దోడి జీతంలోంచి. బియ్యం, పప్పు, కూరగాయలు చిన్నోడి చేతిమీదుగా. ఇరవై రెండేళ్లు ఇట్లా గడిచింది. మహిళా సంఘం లెక్కలు పందొమ్మిదేళ్లు పైసాతో సహా రాసినదాన్ని నేను, ఏ తారీఖున ఏం జరిగిందో రాసిపెట్టుకోవడం అప్పటి అలవాటే, కానీ ఇంటి లెక్క ఎప్పుడూ రాయలేదు. రాయవలసిన పని పడలేదు.

చిన్నోడికి ఒక్కతే బిడ్డ. కామారెడ్డిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. గిర్దావర్ వచ్చిన ముందురోజే ఇంజనీరింగ్ ర్యాంకులు వచ్చాయి. తనకు ఎనిమిది వేల చిల్లర. అంత ర్యాంకు వస్తే కాలేజీ ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది, ఇంటి ఆదాయం హద్దు లోపల ఉంటే. ఊళ్లో ఉండేవాళ్లకు ఆ హద్దు ఏడాదికి లక్షన్నర. ఎరువులు, కూలీలు, కోతమిషను పోను చిన్నోడికి మిగిలేది అంతకన్నా తక్కువే. తను అనుకున్న కాలేజీ ఫీజు ఏడాదికి ఎనభై ఐదు వేలు. అందుకే ఆదాయ పత్రానికి వారం ముందే ఆన్‌లైన్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టాం. దాని విచారణకే గిర్దావర్ వచ్చింది.

చిన్నోడు బిడ్డకు ముందే చెప్పి పెట్టాడు. "పత్రం రాకుంటే కామారెడ్డిలనే డిగ్రీ చదువుదువు బిడ్డా." తను సరేనంది. సరేనని లోపలికి పోయి, ఉతికిన బట్టలే మళ్లీ మడత పెడుతూ కూర్చుంది.

గిర్దావర్ ముందర చిన్నోడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, అన్న జీతం అన్నది. నా బిడ్డకు ఆయన తండ్రి కాదు గద."

"కాదు. మరి నీ బిడ్డ ఎవరి తిండి తింటుంది?"

"మా అందరి తిండి."

"నేను రాసేది గదే."

పెద్దకోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు అందుకుంటూ, "ఇది ఎవరి పొయ్యి మీద పెట్టిందమ్మా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఏమీ ఆశించలేదు. లేస్తూ ఒక మాట చెప్పాడు.

"రెండుంటే రెండు రాస్త, ఒకటుంటే ఒకటి రాస్త. ఉన్నది రాసుడే నా పని. వేరు ఉన్నమంటే పెద్దమనుషుల సంతకాలతోని కాయితం చూపెట్టుండ్రి. పదిహేను దినాలు టైముంది."

ఆ సాయంత్రం మా వెనక వీధి ఎరువుల దుకాణదారు పెరుగుకు వచ్చాడు. నాకు మరిది వరస. ఆయన కొడుక్కి కిందటేడే ఆదాయ పత్రం వచ్చింది. ఏడాదికి అరవై వేలని రాశారు. మూడు రోజుల దుకాణం గిరాకీ అంతకన్నా ఎక్కువ ఉంటుందని ఊరందరికీ తెలుసు.

"నీ ఇంటి ముందర కారు నిలబడ్డది గద, అది చూడలేదా ఆయన?" అని అడిగాను.

"కారు నా బామ్మర్దిది వదినె."

"మరి ఏసీ?"

"బామ్మర్ది వచ్చినప్పుడే ఏస్తం గద."

"నీ బామ్మర్దికి ఇల్లు వాకిలి లేదా, ఎప్పుడు నీ తాననే ఉంటడు?"

"ఏం చేస్తం, అక్క మీద పాణం." పెరుగు గిన్నె మీద మూత పెట్టుకుంటూ అన్నాడు. "నీ పెద్దోని జీతం బ్యాంకుల పడుతది. గదే మీకు వచ్చిన కష్టం. పొయ్యిలు రెండు చేస్తె అయిపాయె. పింఛను కోసమని మా అవ్వను నేను వేరే రాయించలేదా?"

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ పత్రం ఎవరికి రావాలో నాకు తెలుసు. మా ఇంటికి రెండిళ్లవతల బీడీలు చుట్టే ఆమె ఉంది. తన బిడ్డకు వచ్చింది, రావాలి, ఇంకా ముందే రావలసింది. ఎటొచ్చీ మాలాంటి వాళ్ల సంగతే నాకు తెగలేదు. హద్దుకు ఒక్క రూపాయి ఇవతలుంటే ఫీజు మొత్తం వస్తుంది. ఒక్క రూపాయి అవతలుంటే సగం కాదు, పావు కాదు, ఏమీ రాదు. సంఘంలో మేం అప్పులిచ్చేటప్పుడు కూడా అట్లా చెయ్యలేదు. ఒకామెకు పది వేలు ఇచ్చే స్థితి లేకపోతే నాలుగు వేలన్నా ఇచ్చేవాళ్లం. పైగా లెక్కకు దొరికేది కాగితం మీద కనబడే డబ్బే. జీతం కనబడుతుంది. గల్లాపెట్టె కనబడదు. పెద్దోడి కొడుకు చదువుకునేటప్పుడు మేం ఆ పత్రం అడగనే లేదు. సర్కారు జీతం తీసుకునేవాడి కొడుక్కి రాదని తెలుసు, దానికి రంది పడలేదు. వాడి ఫీజుకు పెద్దోడు కొంత అప్పు చేశాడు, మిగతాది నాలుగు పంటల వడ్లు అమ్మి చిన్నోడు కట్టాడు. వాడిప్పుడు హైదరాబాదులో ప్రైవేటు నౌకరి చేసుకుంటున్నాడు. ఇప్పుడు చిన్నోడి బిడ్డ వంతు వచ్చింది. పెద్దోడు ఇంకా ఆ అప్పు తీరుస్తూనే ఉన్నాడు. మళ్లీ ఇంకొక అప్పు చేసే స్థితి లేదు.

రాత్రి పెద్దోడు వచ్చి కాళ్లు కడుక్కుని చాప మీద కూర్చున్నాడు. తమ్ముడు పక్కన కూర్చుని సంగతంతా చెప్పాడు. పెద్దోడు అన్నం కలుపుతూ విన్నాడు.

"ఉట్టిగనే రా. పదిహేను దినాలు. వెనక రేకుల కొట్టంల ఒక గ్యాసు పొయ్యి పెట్టుకోండ్రి. పత్రం చేతికి రాంగనే తీసేద్దం," అన్నాడు.

"అంటే నాకు పదిహేను దినాలు సగం సెలవన్నట్టు," అంది పెద్దకోడలు.

"అక్కకు సెలవంటే నాకు గూడ సగం సెలవే గద," అంది చిన్నకోడలు. ఆ రాత్రి ఆరుగురం నవ్వుకుంటూనే పడుకున్నాం.

సెప్టెంబర్ 5, ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. అందరికన్నా పెద్దాయన మా ఆయన చిన్నాయన కొడుకు, నాకు మరిది. ఊళ్లో ఏ ఇల్లు వేరుపడినా ఆయన కూర్చోవలసిందే. కాగితం తయారుగా ఉంది, సంతకం పెట్టమని పెద్దోడు పెన్ను ఇచ్చాడు. ఆయన పెన్ను పక్కన పెట్టాడు.

"ఏంది వదినె, కొట్లాట లేదు, లొల్లి లేదు, వేరుపడుతున్నరంటిరి. మాకేం పని లేకనా పిలిచిన్రు?"

"కొట్లాడితెనే వేరుపడాల్నా?" అన్నాను.

"కొట్లాడితె ఎవరికి ఏం కావాల్నో తెలుస్తది. లేకుంటె ఏమని పంచాలె?"

"పంచుడు లేదు చిన్నాయ్నా, కాయితం కోసమే," అన్నాడు చిన్నోడు.

"గట్ల నేను పెట్టను. రేపు గిర్దావర్ వచ్చి, పంచింది చూసినవా అని అడిగితె ఏమనాలె? నా చేతిమీద పదకొండు ఇండ్లు వేరైనయి. ఒక్క కాయితం అబద్ధం లేదు. పంచుండ్రి, చూస్త, పెడత."

మిగతా ఇద్దరూ తల ఊపారు. ఆయన మాట నాకూ సబబుగానే తోచింది. ఉత్త కాగితం మీద సంతకాలు చేయించడం నాకూ ఇష్టం లేదు. సంఘంలో ఏనాడూ చెయ్యలేదు. చేసేది సక్రమంగానే చేద్దామన్నాను.

గంజులు, బిందెలు, పళ్లాలు అన్నీ వాకిట్లో పెట్టించాం. గుమ్మిలో ఉన్న బియ్యం తూకం వేశాం. మంచాలు, పరుపులు, దుప్పట్లు లెక్కపెట్టాం. చీటీలు రాసి బీడీలామె చిన్న పిల్లతో తీయించాం. కోడళ్లిద్దరూ ఒకరి గంజు ఇంకొకరికి పోయినప్పుడల్లా నవ్వారు. అట్లపెనం చిన్నకోడలికి పడింది. "అట్లు కావాల్నంటె నా దగ్గరికే రావాలె అక్కా," అంది. ఇత్తడి గుండిగ ఒక్కటే ఉంది, దాన్ని పంచలేక అటక మీదికి ఎక్కించారు. బర్రె ఒక్కటే. పొద్దుటి పాలు పెద్దోడికి, సాయంత్రం పాలు చిన్నోడికి అని రాశారు. భూమి ఎట్లాగూ ముందే పంచి ఉంది. పెద్దోడి రెండెకరాలు చిన్నోడు కౌలుకు చేస్తున్నట్టు, ఎకరానికి ఇన్ని బస్తాలని రాశారు. అంతవరకు కౌలు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

కాగితం చివరికి వచ్చాక మరిది తలెత్తాడు. "మరి వదినె ఎటు?"

నవ్వులు ఆగిపోయాయి. కొడుకులిద్దరూ ఒకేసారి, "నా దిక్కే," అన్నారు.

"గట్ల కుదరదు. తల్లి సంగతి తెల్వనిది వేరుపడ్డ కాయితం కాదు," అన్నాడాయన. నెలలో ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా పెద్దోడి దగ్గర, పదహారు నుంచి ముప్పై దాకా చిన్నోడి దగ్గర అని రాశారు.

"ముప్పై ఒకటో తారీఖు?" అని అడిగాను. తారీఖుల దగ్గర నేను ఊరుకోలేను.

"ఆ దినం ఉపాసం ఉండు," అన్నాడు మరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది కాగితంలో రాయలేదు.

అప్పుడు సంతకాలయ్యాయి. వెళ్లబోతూ ఆయన మళ్లీ ఆగాడు. "కొత్త పొయ్యి మీద పాలు పొంగిచ్చిన్రా?" లేదంటే, చిన్నకోడలు కొట్టంలో గ్యాసు పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. పొంగే దాకా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, ఆ పాలతోనే చాయ్ తాగి పోయాడు.

సెప్టెంబర్ 8, బుధవారం, గిర్దావర్ వచ్చాడు. లోపల పెద్దకోడలు బీరకాయ వండుతోంది, కొట్టంలో చిన్నకోడలు పచ్చిపులుసు కలుపుతోంది. ఆయన రెండు చోట్లా చూశాడు, కాగితం చదివాడు. "రెండు వారాలల్ల ఇంత పని చేసిన్రు," అన్నాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. సెప్టెంబర్ 13, సోమవారం పత్రం వచ్చింది. చిన్నోడి ఆదాయం హద్దు లోపలే ఉందని రాశారు. అది నిజమే. అనుకున్న కాలేజీలోనే సీటు వచ్చింది.

పత్రం వచ్చిన సాయంత్రం, కొట్టంలో పొయ్యి లోపలికి తెచ్చేయమన్నాను. చిన్నోడు సిలిండరు మీద చెయ్యి వేశాడు కూడా. మనవరాలు ఆపింది.

"నానమ్మా, ప్రతి ఏడు కొత్త పత్రం అడుగుతరట. నాలుగేండ్లు. మళ్లొచ్చి చూస్తె?"

గిర్దావర్ రోజూ మా ఇంటి ముందునుంచే లింగంపేట పోతాడు. చిన్నోడు సిలిండరు మీది నుంచి చెయ్యి తీశాడు. ఒక ఏడాది ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాం.

అక్టోబర్ 31 ఆదివారం. వంతుల్లో లేని మొదటి దినం. ఒంటిగంటన్నరకు నా మంచం దగ్గరికి రెండు పళ్లాలు వచ్చాయి, ఒకటి లోపలి నుంచి, ఒకటి కొట్టం నుంచి. కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నేను రెండూ తిన్నాను.

నవంబరులో వానాకాలం కోతలయ్యాయి. రోడ్డు మీద వడ్లు ఆరబోసి బస్తాలకు ఎత్తుతుంటే పెద్దకోడలు వచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్లలో తను అట్లా వచ్చింది లేదు.

"మా వంతు ఎన్నయినయి మరిదీ?" అని అడిగింది.

చిన్నోడు గోనెసంచి మూతి పట్టుకుని పెళ్లాం దిక్కు చూశాడు. చిన్నకోడలు అంది, "మనం నిజంగ వేరైనమా అక్కా?"

"కాయితం మీద అయినం గద. నాకు బియ్యం గావాలె, ఊకెనే నీ గుమ్మిల చెయ్యి పెడితె బాగుంటదా? ఎన్నో చెప్పు, పట్టుకపోత."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాగితంలో రాసినన్ని బస్తాలు పెద్దకోడలి లెక్కలోకి పోయాయి. ఆ సాయంత్రం చిన్నకోడలు నా దగ్గర కూర్చుని మెల్లగా అంది, "అత్తమ్మా, బావ సద్ది నేనే కట్టేదాన్ని గద. ఇరవై రెండేండ్లు నాలుగున్నరకు లేచిన. దానికి ఏ కౌలు లేదు గద." తను చెప్పింది నిజం. పెద్దకోడలు రోజూ రాత్రి ఎనిమిది దాటాక ఆరుగురికి వేడిగా వండిపెట్టింది, అదీ నిజమే. ఇద్దరి పనీ ఎవరూ తూకం వెయ్యనంతకాలం సమానంగా ఉంది.

ఒక్కనాడు కూడా ఇంట్లో గొడవ కాలేదు. రాసుకునే అలవాటు ఉన్నదాన్ని, అయితే రాసి ఉండేదాన్ని. పెద్దోడికి బీపీ అని డాక్టరు చెప్పాక పెద్దకోడలు ఉప్పు తగ్గించింది. పొలం పని చేసేవాళ్లకు ఆ కూర ఎక్కదు, చిన్నకోడలు ఉప్పు తగ్గించలేదు. పెద్దోడు రాత్రి ఎనిమిదింబావుకు లోపల తింటాడు. చిన్నోడు ఏడింటికే కొట్టంలో తిని పడుకుంటాడు. ముందు ఇద్దరూ చాప మీద కూర్చుంటే, ఇవ్వాళ ఏ చోట బస్సు ఆగిందో, ఏ బోరు మోటరు కాలిందో, మాట మీద మాట నడిచేది. 2023 మేలో బర్రెను అమ్మేశారు. పొద్దుటి మేత ఎవరిది, పేడ ఎవరిది అనే దగ్గర కాగితంలో ఏమీ రాయలేదు.

ఏటా పత్రం అడిగారు, ఏటా ఇచ్చాం. గిర్దావర్ మారాడు. కొత్తాయన ఇల్లు చూడనే లేదు, పాత కాగితం చూసి రాసేశాడు. పొయ్యి తీసేసినా ఎవరికీ తెలిసేది కాదని అప్పుడు తెలిసింది. అప్పటికే తీసేసే మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

మొదటి రెండేళ్ల ఫీజు ప్రభుత్వం నుంచి కాలేజీకి ఆలస్యంగా అయినా వచ్చింది. మూడో ఏడుది, నాలుగో ఏడుది రాలేదు. 2025 జూన్‌లో చదువు అయిపోయింది. మంచి మార్కులు, చేతిలో ఒక కంపెనీ ఉద్యోగం. జూలై పధ్నాలుగున చేరాలి, అసలు సర్టిఫికెట్లు చూపించాలి. కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వలేదు. రావలసిన ఫీజు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చినప్పుడు వెనక్కి ఇస్తామన్నారు. రెండేళ్లది లక్షా డెబ్బై వేలు. కాలేజీ వాళ్ల జీతాలు కూడా ఆ డబ్బులోంచే రావాలట, వాళ్లను ఏమనాలి.

చిన్నోడు యాసంగి వడ్ల డబ్బు బోరుకు పెట్టేశాడు. రెండు రోజులు అటూ ఇటూ తిరిగాడు. మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "ఏం గాదు నానమ్మా, ఇంకొక నౌకరి చూసుకుంట," అంది. బట్టలు మడత పెట్టిన రోజు గొంతే అది.

పెద్దోడు ఎవరికీ చెప్పకుండా తన పీఎఫ్ మీద అప్పు తీశాడు. జూలై 9, బుధవారం, పొద్దున హైదరాబాదు బస్సుకు బయలుదేరాడు. చిన్నోడికి ఎట్లానో తెలిసి బస్టాండు దాకా పోయాడు. నేనూ వెంట పోయాను.

"అన్నా, యాసంగికి ఇస్త. కాయితం రాసుకుందం," అన్నాడు చిన్నోడు.

"ఒక్క కాయితం రాసినందుకే గిట్లయింది. ఊకో రా," అన్నాడు పెద్దోడు. బస్సు ఎక్కాడు.

ఆ మధ్యాహ్నం డబ్బు కట్టి సర్టిఫికెట్లు తీసుకున్నారు. మనవరాలు పధ్నాలుగున ఉద్యోగంలో చేరింది. నాలుగేళ్ల కింద గిర్దావర్ మా ఇంట్లో ఆదాయం కలుస్తుందన్నాడు. ఆ రోజు కలిసింది. ఆయన చెప్పింది తప్పు కాదు. మేం చూపించిన కాగితమూ తప్పు కాదు. రెండూ సరైనవే అయినప్పుడు హద్దు ఎవరికి సరిగ్గా పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎరువుల దుకాణదారు కొడుకు కాలేజీ కూడా అట్లాగే డబ్బు అడిగిందట. ఆయన మరునాడే కట్టేశాడు. అది బామ్మర్ది ఇచ్చాడో లేదో నేను అడగలేదు.

పెద్దోడు ఊరికి వచ్చిన రాత్రి, ఇద్దరు కోడళ్లనూ పిలిచి చెప్పాను. "ఇంక పత్రాల పని లేదు. కొట్టంల పొయ్యి తీసెయ్యుండ్రి."

చిన్నకోడలు కొంగు సర్దుకుంటూ అంది, "ఇంక ఎందుకత్తమ్మా. ఇట్లనే అలవాటయింది."

"మా చప్పిడి కూర వాళ్లు తినరు, వాళ్ల ఉప్పు మాకు పడదు," అంది పెద్దకోడలు.

ఇద్దరి గొంతులోనూ కోపం లేదు. చిన్నకోడలు లేచి పోతూ అక్కను అడిగింది, "పొద్దున అట్లు పోస్త, పంపాల్నా?"

"రెండు పంపు," అంది పెద్దకోడలు. పొద్దున చిన్నకోడలు రెండే ఎంచి పంపింది.

2026 జనవరి 18 నాటికి లెక్క ఇది. వచ్చింది రెండేళ్ల ఫీజు, లక్షా డెబ్బై వేలు. ఇంకా రావలసింది అంతే, అది పెద్దోడి జీతంలో నెలనెలా కోత పడుతోంది. ఒక చదువు నిలబడింది, ఒక ఉద్యోగం వచ్చింది, వాటిని పోయిన దాంట్లో రాయను. పోయింది ఒక పొయ్యి. ఒక బర్రె. ఆరుగురి వంటకు సరిపోయే గంజు, అది తుప్పు పడితే పాతసామాన్ల వాడికి వేశారు. అటక మీది గుండిగ ఉంది గానీ దించే పని పడలేదు. అన్నదమ్ములు ఒకే చాప మీద తిన్న రాత్రులు, అవి ఎన్నో నా దగ్గర లెక్క లేదు. కాగితం రాసుకున్న దినం నుంచి ముప్పై ఒకటో తారీఖులు ముప్పై వచ్చాయి. నాలుగు సార్లు రెండు పళ్లాలు వచ్చాయి. పదకొండు సార్లు ఒక పళ్లెం వచ్చింది. పదిహేను సార్లు, అవతల వాళ్లు పెడతారని ఇద్దరూ అనుకున్నారు. ఆ దినాల్లో వాకిట్లో మూడు రాళ్లు పెట్టి నా అన్నం నేను వండుకున్నాను.